చిన్న లేతుకు తగిన ఉలి



మాదాపూరులో సైబర్ టవర్స్ భవనం 1998 నవంబరులో ప్రారంభమైనది. ఆనాడు దాని చుట్టూ బండరాళ్లు, పొదలు తప్ప చెప్పుకోదగినదేమీ లేదు. ఈనాడు అక్కడినుంచి కొండాపూరు, గచ్చిబౌలి, రాయదుర్గం వరకు అద్దాల మేడలు బారులు తీరి ఉన్నవి. ఆ మేడలలో పనిచేసేవారు పగలంతా తయారు చేసేది కంటికి తెరమీద కనబడుతుందే గాని చేతికి అందదు. అందువల్లనే కాబోలు, వారిలో కొందరికి సాయంకాలమైతే చేతితో ఏదైనా ఒక వస్తువు చేయవలెనన్న కోరిక కలుగుతున్నది. కొందరు కుండలు చేస్తున్నారు. కొందరు చెక్కపని నేర్చుకుంటున్నారు. మరికొందరు ఇంటి బాల్కనీలోనే చిన్న లేతు పెట్టుకొని ఇనుము, ఇత్తడి తరిమెన పడుతున్నారు.

కొండాపూరులో మిత్రులొకరు ఇటువంటి లేతు కొన్నారు. సుమారు 40 కిలోల బరువు, 550 వాట్ల మోటారు, అంటే ముప్పావు గుర్రపు శక్తి. దానితోబాటు ఎర్రరంగు వేసిన పదకొండు ఉలులున్న పెట్టె కూడా తెప్పించుకున్నారు. రెండు మాసాలు తిరగకముందే లేతు మీద గుడ్డ కప్పివేశారు. అడిగితే, "యంత్రం పనికిరానిదండీ. కడ్డీ నున్నగా రాదు, కీచుమని అరుస్తుంది, ఉలులు ముక్కలవుతున్నవి. అయినకాడికి అమ్మివేస్తాను" అన్నారు. ఆ యంత్రానికి ఏ జబ్బూ లేదని తరువాత తేలినది. లోపమంతా ఉలిలో ఉన్నది. నేటి ప్రసంగంలో ఆ ఉలిని ఎన్నుకొనే విధానం గురించి మనవి చేస్తాను.

ముందుగా ఒక మాట. కార్ఖానాలలో దీనిని అందరూ 'టూలు' అంటారు. నేను ఉలి అంటున్నాను. లేతు అన్న మాట కొత్తదే అయినా పని మనకు కొత్తది కాదు. తిరిగే చెక్కకు ఉలి ఆనించి గుండ్రని రూపం తీయడాన్ని మనవారు తరిమెన పట్టడమన్నారు. ఏటికొప్పాక లక్కబొమ్మలు పుట్టేది ఈ విధంగానే. అక్కడ అంకుడు కర్ర, ఇక్కడ ఇనుము. అక్కడ ఉలి చేతిలో ఉంటుంది, ఇక్కడ దానిని ఒక దిమ్మెలో బిగిస్తారు. భేదం అంతే. ఇక వంటింటి సంగతి తెలిసినవారికి ఉలుల సంగతి సగం తెలిసినట్లే. దోసకాయ తరిగే కత్తి వేరు, కొబ్బరికాయ కొట్టే కత్తి వేరు. మొదటిదానికి పలుచని వాడి కావాలి. రెండవదానికి దెబ్బకు ఆగే బలం కావాలి. లోహాన్ని కోసే ఉలిలోనూ వాడి ఎక్కువైతే బలం తగ్గుతుంది, బలం ఎక్కువైతే వాడి తగ్గుతుంది. ఈ రెండింటి నడుమ మన యంత్రానికి ఏది తగినదో తెలుసుకోవడమే ఎన్నిక.

ఉలి చేసే లోహాల చరిత్ర కొంచెం చెప్పుకుంటే ఈ సంగతి సులభంగా తెలుస్తుంది. మొదట ఉన్నది మామూలు ఉక్కు. నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రంలో మూసలలో కరగించి తీసిన ఉక్కు కోసం పారశీక వర్తకులు స్వయంగా అక్కడికి వచ్చేవారు. 1820 ప్రాంతంలో వాయిసీ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు ఆ పద్ధతిని చూసి వ్రాసి ఉంచాడు. కత్తికి అటువంటి ఉక్కు ఎంతో మేలైనది. కాని లేతు మీద ఉలి మొన రాపిడికి కాగుతుంది. మామూలు ఉక్కు రెండు వందల డిగ్రీలు దాటితే క్రమంగా పదును కోల్పోతుంది. 1900 ప్రాంతంలో అమెరికాలోని బెత్లెహెం ఉక్కు కర్మాగారంలో టేలర్, వైట్ అనే ఇద్దరు టంగ్‌స్టన్, క్రోమియం కలిపిన ఉక్కును ఒక ప్రత్యేక రీతిలో కాచి చూశారు. మొన ఎర్రబడుతున్నా ఆ ఉలి కోస్తూనే ఉన్నది. మన కార్ఖానాలవారు హైస్పీడ్ స్టీలు అనేది దీనినే. అది సుమారు ఆరు వందల డిగ్రీల వరకు కాఠిన్యం నిలుపుకుంటుంది. 1920ల దశకంలో జర్మనీలో టంగ్‌స్టన్ కార్బైడు పొడిని కోబాల్టుతో కలిపి ముద్దచేసి కాల్చిన కొత్త పదార్థం వచ్చినది. వజ్రం వంటిదనే అర్థంలో దానికి 'విడియా' అని పేరు పెట్టి అమ్మారు. ఈ దేశంలో పనివారు ఇప్పటికీ కార్బైడును విడియా అనడం కద్దు. అది ఇంకా ఎక్కువ వేడికి ఆగుతుంది. కాని గాజువలె పెళుసు.

ఇంతవరకు విన్నవారికి, అన్నింటికంటె గట్టిది కార్బైడు గనుక దానినే కొనవలెనని తోచవచ్చు. మా మిత్రులు చేసినది అదే. వారి పెట్టెలోని పదకొండు ఉలులూ కార్బైడు ముక్క అతికినవే.

ఇక్కడ వేగం లెక్క కొంచెం చూడవలసి ఉంటుంది. మైల్డ్ స్టీలును హైస్పీడ్ ఉలితో కోసేటప్పుడు మొన ముందునుంచి నిమిషానికి సుమారు 25 మీటర్ల లోహం సాగిపోవడం మంచిది. కార్బైడుకు 100 మీటర్లు, అంతకుమించి కూడా కావాలి. కడ్డీ నిమిషానికి ఎన్ని చుట్లు తిరగాలో తెలియాలంటే, ఈ మీటర్ల సంఖ్యను 320తో హెచ్చవేసి, కడ్డీ వ్యాసం ఎన్ని మిల్లీమీటర్లో దానితో భాగించండి. 20 మిల్లీమీటర్ల కడ్డీకి హైస్పీడ్ ఉలితో 400 చుట్లు వస్తాయి. కార్బైడుతో 1,600 చుట్లు. చిన్న లేతు అంత వేగంగా తిరగగలదు. కాని అంత వేగంలో లోతైన కోత కోయడానికి దాని మోటారుకు శక్తి చాలదు, దాని ఒడలికి బిగువు చాలదు. కోత లోతు తగ్గిస్తే మొద్దు మొన లోహాన్ని కోయక రుద్దుతుంది. రుద్దినచోట కంపనం పుడుతుంది. ఆ కంపనమే మా మిత్రులు విన్న కీచుధ్వని. పెళుసైన కార్బైడు ఆ కంపనానికి పెచ్చులూడిపోయినది.

కాబట్టి చిన్న లేతు కొన్నవారు మొట్టమొదట కొనవలసినది హైస్పీడ్ స్టీలు చదరపు కడ్డీలు. 8 మిల్లీమీటర్లవి గాని, దిమ్మెలో పట్టితే 10 మిల్లీమీటర్లవి గాని నాలుగైదు చాలును. వీటికి మొన ఉండదు. సానరాయి మీద మనమే తీర్చుకోవాలి. ఇది కష్టమని భయపడనక్కరలేదు. కార్బైడు ముక్క విరిగితే పారవేయవలసిందే. హైస్పీడ్ కడ్డీ మొన పోతే రెండు నిమిషాలు సాన పడితే మళ్లీ కొత్త ఉలి. ఒక కడ్డీ ఏళ్ల తరబడి వస్తుంది. అంతకంటె ముఖ్యం, గాజు పెంకు వంటి వాడి దీనికి తేవచ్చు. అంత వాడిగా ఉన్న మొన మీద ఒత్తిడి తక్కువ. ఒత్తిడి తక్కువైతే చిన్న యంత్రం కూడా హాయిగా పనిచేస్తుంది.

ఉలి మొనలో చూడవలసిన కోణాలు రెండు. ఒకటి ఎడము. మొనకు కింద, పక్కన ఉలి కడ్డీకి తగలకుండా ఇచ్చే ఖాళీ ఇది. ఏ లోహానికైనా 8 నుంచి 10 డిగ్రీలు ఉంటే సరిపోతుంది. ఎడము లేని ఉలి ఎంత వాడిగా ఉన్నా కోయదు. రెండవది వాలు, అనగా ఉలి పైముఖం అంచునుంచి వెనుకకు దిగే పల్లం. కోసిన లోహపు పొర ఈ పల్లం మీదుగా జారిపోతుంది. మైల్డ్ స్టీలుకు 12 నుంచి 15 డిగ్రీల వాలు పెట్టండి. అల్యూమినియం మెత్తన, ఉలికి అంటుకునే స్వభావం కలది గనుక ఇంకా ఎక్కువ పెట్టి, పైముఖాన్ని నూనెరాయితో అద్దంలా నునుపు చేయండి. ఇత్తడికి వాలు అసలే వద్దు. పైముఖం చదునుగా ఉండాలి. వాలున్న ఉలి ఇత్తడిని కోయబోతే తానే లోపలికి దిగబడుతుంది. ఇత్తడికని ఒక ఉలిని వేరుగా తీర్చి, దాని తోకకు పసుపు రంగు పూసి ఉంచుకోవడం తెలివైన పని.

అన్ని రూపాలూ మొదటిరోజే అవసరం లేదు. కుడినుంచి ఎడమకు కోస్తూ, కడ్డీ ముఖం కూడా చదును చేయగల ఉలి ఒకటి ఉంటే పనిలో ముప్పాతిక వంతు సాగుతుంది. తరువాత మర తీయడానికి 60 డిగ్రీల మొన ఒకటి. తెగకోయడానికి రెండు మిల్లీమీటర్ల మందం పలక ఒకటి. రంధ్రం లోపల తరచడానికి బోరింగు కడ్డీ ఒకటి. అంచులు వాల్చడానికి 45 డిగ్రీల ఉలి ఒకటి. ఈ అయిదింటితో ఇంట్లో చేసుకునే పనులు చాలావరకు జరిగిపోతవి. తెగకోసేటప్పుడు వేగం సగానికి తగ్గించి, కడ్డీని చక్ దవడలకు వీలైనంత దగ్గరగా కోయాలి.

మరి కార్బైడు పనికిరాదా? తప్పక పనికివస్తుంది, ఎన్నుకోవడం తెలిస్తే. అతికిన ముక్కల ఉలులు దుకాణం నుంచి వచ్చేసరికి సరియైన మొనతో ఉండవు. వాటిని సాన పట్టడానికి ఆకుపచ్చని సిలికాన్ కార్బైడు రాయి కావాలి. మామూలు బూడిదరంగు రాయి వాటిని కోయదు. కొత్తవారికి అంతకంటె మరబిగింపు బిళ్లలు మేలు. ఒక అంచు అరిగితే బిళ్లను తిప్పి బిగించుకోవచ్చు. బిళ్లల పెట్టె మీద కొన్ని అక్షరాలు, అంకెలు ఉంటవి. ఉదాహరణకు సి సి ఎం టి 060204 అని ఉన్నదనుకోండి. మొదటి సి 80 డిగ్రీల రూపానికి గుర్తు. రెండవ అక్షరం సి అంటే ఏడు డిగ్రీల ఎడము. చివరి 04 అంటే మొన గుండ్రదనం 0.4 మిల్లీమీటరు. చిన్న లేతుకు చూడవలసినవి ముఖ్యంగా ఈ రెండవ అక్షరం, చివరి అంకెలు. రెండవ స్థానంలో ఎన్ ఉంటే బిళ్లకు ఎడము లేదన్నమాట. అది టన్నుల బరువున్న యంత్రాలకు చేసినది, మన బాల్కనీకి కాదు. మొన గుండ్రదనం 0.2 గాని 0.4 గాని చాలును. 0.8 అయితే ఒత్తిడి పెరిగి మళ్లీ అరుపులు మొదలవుతవి. మూడవ అక్షరం ఎం కు బదులు జి ఉన్న బిళ్లలు, అనగా సి సి జి టి రకం, సాన పట్టి తీర్చినవి. అల్యూమినియం కొరకని మెరుగుపెట్టి అమ్మే ఈ రకం బిళ్ల చిన్న యంత్రం మీద మెత్తని ఉక్కును కూడా పలుచగా, నున్నగా కోస్తుంది. ఇక పెట్టె మీది రంగులు లోహాలకు గుర్తులు. నీలం ఉక్కుకు, పసుపు స్టెయిన్‌లెస్ స్టీలుకు, ఎరుపు పోత ఇనుముకు, ఆకుపచ్చ అల్యూమినియం, ఇత్తడి వంటివాటికి.

ఎంత మంచి ఉలి అయినా బిగించడం తప్పితే వ్యర్థం. మొన సరిగా కడ్డీ నడిమి ఎత్తులో ఉండాలి. చూసుకొనే ఉపాయం సులభమైనది. కడ్డీకి, మొనకు మధ్య ఒక పలుచని స్టీలు స్కేలును మెల్లగా నొక్కి పట్టండి. స్కేలు నిటారుగా నిలిస్తే సరి. దాని పైకొస మనవైపు వాలితే ఉలి తగ్గినట్లు, ఆవలికి వాలితే ఉలి ఎక్కినట్లు. ఇక ఉలిని దిమ్మెలోనుంచి అవసరానికి మించి బయటకు చాచకండి. చాపు రెండింతలైతే వంపు ఎనిమిదింతలవుతుంది. బోరింగు కడ్డీ విషయంలో దీనిని మరీ గుర్తుంచుకోవాలి.

కొండాపూరు మిత్రుల లేతుకు జబ్బు కనిపెట్టినది నేను కాదు. బాలానగరులో నలభై ఏళ్లు టర్నరుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న పెద్దాయన ఒకరిని పిలుచుకు వెళ్లాను. అక్కడివారు ఆయనను ఉస్తాద్ అంటారు. ఆయన లేతును ఒక చేత్తో అటూ ఇటూ కదిపి చూసి, "మిషన్ మంచిగనే ఉన్నది సార్. దేన్ని కోసిన్రు?" అని అడిగారు. మిత్రులు ఒక కడ్డీ చూపారు. పక్కన కట్టే అపార్టుమెంటులో మిగిలిన ఇనుప చువ్వ అది. ఉస్తాద్ నవ్వి, "గిది టీఎంటీ చువ్వ. లోపల మెత్తగుంటది, పైన పెంకు గట్టిగుంటది. ఇంటికి పనికొస్తది గని నేర్చుకునేటోనికి పనికిరాదు" అన్నారు. అది నిజం. కట్టడపు చువ్వలను వేడిగా ఉండగా నీటితో హఠాత్తుగా చల్లార్చుతారు. అందువల్ల పై పొర గట్టిపడుతుంది. పైన కణుపులు కూడా ఉండడంతో ఉలికి అడుగడుగునా దెబ్బ తగులుతుంది. నేర్చుకొనేవారు నున్నని మైల్డ్ స్టీలు కడ్డీ గాని, ఇత్తడి గాని కొని తెచ్చుకోవాలి.

తరువాత ఉస్తాద్ తన సంచిలోనుంచి ఒక హైస్పీడ్ కడ్డీ తీసి, మిత్రుల సానరాయి ముందు కూర్చున్నారు. మొదట కళ్లద్దాలు పెట్టుకున్నారు. మిత్రులు, "నాలుగు నిమిషాల పనికి అద్దాలెందుకు, ఉస్తాద్?" అన్నారు. ఆయన తన కుడికన్ను కింది రెప్ప లాగి చూపారు. నల్లగుడ్డు పక్కన చిన్న తెల్లని మచ్చ ఉన్నది. "గది కూడ నాలుగు నిమిషాల పనే బాబూ" అన్నారు. మరేమీ అనలేదు. మిత్రులు లోపలికి వెళ్లి తమ అద్దాలు తెచ్చుకున్నారు.

ఈ సందర్భంలోనే జాగ్రత్తలు చెప్పుకోవాలి. లేతు దగ్గర గాని, సానరాయి దగ్గర గాని కళ్లద్దాలు లేకుండా నిలబడవద్దు. చేతితొడుగులు వేసుకోవద్దు. అవి రక్షణ అనుకుంటారు గాని, తిరిగే కడ్డీ తొడుగును పట్టుకుంటే చేతిని కూడా లాక్కుంటుంది. వదులు చొక్కాలు, చున్నీలు, మెడలో దారాలు పనికిరావు. రాయికి, ముందున్న ఆనుకు మధ్య మూడు మిల్లీమీటర్లకు మించి సందు ఉండరాదు. రాతి మీద అల్యూమినియం, ఇత్తడి రుద్దరాదు. ఊడిపడే లోహపు తీగలను వేలితో లాగవద్దు, యంత్రం ఆపి కొంకితో తీయాలి. చక్ తాళం చెవి చక్‌లో మరచి మోటారు వేయడం కంటె పెద్ద ప్రమాదం మరొకటి లేదు. పిల్లలున్న ఇంట్లో పని ముగియగానే ప్లగ్గు తీసివేయాలి.

ఉస్తాద్ కడ్డీని రాతికి ఆనించి, వేడి వేలికి తగలగానే నీటిలో ముంచుతూ, ముందు ఎడము, పక్క ఎడము, చివరకు వాలు తీశారు. కోణమాని ఏదీ వాడలేదు. నూనెరాయితో అంచు రెండుసార్లు రుద్ది, లేతుకు బిగించి, వేగం 400 చుట్లకు తగ్గించి, మైల్డ్ స్టీలు కడ్డీ మీద అర మిల్లీమీటరు లోతు కోత పెట్టారు. కీచుధ్వని లేదు. మెలికలు తిరిగిన వెండితీగ వంటి పొర ఒకటి సన్నని సవ్వడితో జారినది. మిత్రులు కడ్డీ మీద వేలు రాసి చూసుకున్నారు. లేతు అమ్మే మాట మళ్లీ ఎత్తలేదు.

వేలితో వేడి చూస్తూ సాన పట్టే ఆ విద్య ఒక్కరోజులో వచ్చినది కాదు. 1943లో సికిందరాబాదు కవాడీగూడలో ప్రాగా టూల్స్ వెలసిననాటినుంచి ఈ నగరంలో యంత్రాలను చేసే యంత్రాలు తయారైనవి. బాలానగరులో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ 1968లో ఏర్పడినది. దాని చుట్టుపక్కల షెడ్లలో ఎందరో టర్నర్లు తలలు నెరిసేవరకు పనిచేశారు. నేడు పెద్ద యంత్రాలను కంప్యూటరు నడుపుతున్నది. బిళ్ల అరిగితే మార్చి కొత్త బిళ్ల వేస్తారు. అందుచేత సాన పట్టే చేయి కలవారు ఏటేటా తగ్గిపోతున్నారు. వారి కుమారులలో కొందరు మాదాపూరులోనే ఉద్యోగాలు చేస్తున్నారు. ఉస్తాద్ కొడుకు కూడా అటువంటివాడే. "మావోడు దీని జోలికి రాలే. మీరు నేర్చుకుంటమంటే నాకేం, చెప్తా" అని ఆయన మా మిత్రులతో అన్నారు.

ఇప్పుడు నేర్చుకోవడానికి వీలు లేకపోలేదు. 2023 మార్చిలో రాయదుర్గంలో టీ-వర్క్స్ ప్రారంభమైనది. వస్తువు తయారుచేసి చూడవలెనన్న వారికి యంత్రాలను అందుబాటులో ఉంచడం దాని ఉద్దేశం. సికిందరాబాదు రాణీగంజ్ దుకాణాలలో హైస్పీడ్ కడ్డీలు, సానరాళ్లు దొరుకుతవి. అక్కడ వస్తువును చేతిలో పట్టుకొని చూసి, అడిగి కొనవచ్చు. పెట్టెడు ఉలులు ఒక్కసారి తెప్పించుకోవడం కంటె రెండు కడ్డీలు కొని, ఒకటి పాడుచేసుకొని అయినా సాన పట్టడం నేర్చుకోవడం లాభం.

బాలానగరులో మెట్రో రైలెక్కి, అమీరుపేటలో మారితే రాయదుర్గం చేరవచ్చు. గంట ప్రయాణం కూడా కాదు. ఇప్పుడు ప్రతి ఆదివారం ఉస్తాద్ ఆ దారినే కొండాపూరు వస్తున్నారు. మా మిత్రులు కిందటి వారం తాము స్వయంగా తీర్చిన ఉలితో ఒక ఇత్తడి గుబ్బ చేసి, పూజగది తలుపుకు బిగించారు. దాని మీద రెండు చిన్న గీతలు పడినవి. నేను వాటిని చూపితే, "వచ్చేదానికి పడవు లెండి" అన్నారు.